గల్లాపెట్టెకు తగిన కౌంటింగ్ మెషీన్

దుకాణాల్లో ఎక్కువగా కనిపించే మామూలు కౌంటింగ్ మెషీన్‌కు కాగితాలు లెక్కపెట్టడం ఒక్కటే తెలుసు. ఐదు వందల నోట్ల కట్టలో ఒక రెండు వందల నోటు ఇరుక్కుపోయినా దాన్నీ ఒక కాగితంగా లెక్కవేసి ముందుకు నెట్టేస్తుంది. నోటు విలువ గుర్తుపట్టే మెషీన్లు వేరే ఉన్నాయి, వాటి ధరా ఎక్కువే. ఈ తేడా తెలియక, నిమిషానికి వెయ్యి నోట్లన్న మాట ఒక్కటే చూసి కొన్నవారు సాయంత్రం లెక్క తేలక మళ్లీ చేతితోనే లెక్కపెట్టుకుంటారు. రాత్రి దుకాణం కట్టేసే వేళకు గల్లాపెట్టెలో ఎన్ని నోట్లుంటాయి, ఎన్ని రకాలవి, ఏ స్థితిలో ఉంటాయి అన్నది ముందు చూసుకోవాలి. మెషీన్ వేగం సంగతి ఆ తర్వాత.

ఎవరికి అవసరం

చేయి తిరిగిన క్యాషియరుకు వంద నోట్లు లెక్కపెట్టడానికి నిమిషం, నిమిషమున్నర పడుతుంది. సరిచూసుకోవడానికి రెండోసారి లెక్కించడం ఆనవాయితీ కాబట్టి వందకు మూడు నిమిషాలు వేసుకోవచ్చు. రోజుకు రెండు మూడు వందల నోట్లు వచ్చే కిరాణా కొట్టుకు ఇది పది నిమిషాల పని. ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక చాలా చిన్న కొట్లలో ఆ మాత్రం నగదు కూడా రావడం లేదు. అలాంటి చోట మెషీన్ కొనడం దండగ.

నగదు ఇంకా గట్టిగా ఆడే చోట్లు కొన్ని ఉన్నాయి. పెట్రోలు బంకు, మద్యం దుకాణం, విజయవాడ వన్‌టౌన్‌లోనో హైదరాబాద్ బేగంబజారులోనో ఉండే హోల్‌సేల్ కొట్టు, మార్కెట్ యార్డులో సరుకు కొని నగదు చెల్లించే వ్యాపారి, పండగ రోజుల్లో బట్టల షాపు ఈ కోవలోకి వస్తాయి. రోజుకు ఐదారు వందల నోట్లు దాటుతుంటే మెషీన్ గురించి ఆలోచించవచ్చు. నోట్లు అంతకన్నా తక్కువే అయినా, షిఫ్టు మారినప్పుడల్లా ఒకరి లెక్క ఇంకొకరికి ఒప్పజెప్పాల్సిన చోట కూడా మెషీన్ పనికొస్తుంది. అక్కడ కలిసొచ్చేది సమయం కన్నా ఇద్దరి మధ్య పేచీ లేకపోవడం.

లోపల ఏం జరుగుతుంది

నోట్లు పెట్టే పై అరను హాపర్ అంటారు. అడుగున ఉన్న రబ్బరు రోలర్లు కట్టలోంచి ఒక్కో నోటును లాగుతాయి. రెండో నోటు దానికి అంటుకుని రాకుండా ఎదురుగా ఇంకో రబ్బరు ఆనుకుని ఉంటుంది. ఈ రెండు రబ్బర్ల మధ్య సందు చాలా ముఖ్యం. సందు ఎక్కువైతే రెండేసి నోట్లు దూరిపోతాయి, తక్కువైతే నోటు ఇరుక్కుంటుంది. దాన్ని సరిచేయడానికి సాధారణంగా మెషీన్ వెనక వైపో పైనో ఒక మర ఉంటుంది.

లాగిన నోటు పరారుణ కాంతి పుంజాలకు అడ్డంగా వెళ్తుంది. కాంతి తెగిన ప్రతిసారీ లెక్క ఒకటి పెరుగుతుంది. ఎడమ, కుడి వైపుల రెండు సెన్సర్లలో ఒకటే అడ్డుపడితే అది సగం చిరిగిన నోటని మెషీన్ ఆగిపోతుంది. కాంతి మామూలుకన్నా ఎక్కువసేపు తెగి ఉంటే ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చిందని, నోటు గుండా వచ్చే కాంతి బాగా తగ్గితే రెండు నోట్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని గ్రహిస్తుంది. లెక్క పూర్తయిన నోట్లను రెక్కల చక్రాలు కింది అరలో పేరుస్తాయి. ఆ అర పేరు స్టాకర్.

ఏ మెషీన్‌లోనైనా అసలు యంత్రాంగం ఇదే. ధర పెరిగేది దీనికి తోడయ్యే సెన్సర్ల వల్ల, వాటి నుంచి వచ్చిన సమాచారాన్ని పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ వల్ల.

మార్కెట్లో దొరికే రకాలు

మొదటిది లూజ్ నోట్ కౌంటర్. ఒకే విలువ ఉన్న నోట్లను విడిగా పెడితే ఎన్నో చెబుతుంది. నోటు విలువను మనమే బటన్ నొక్కి చెబితే గుణించి మొత్తం చూపించే మోడళ్లూ ఉన్నాయి. దాన్ని చూసి మెషీన్ విలువ గుర్తుపట్టిందనుకుంటే పొరపాటే. అది చేసింది గుణకారం మాత్రమే.

రెండోది మిక్స్ వాల్యూ కౌంటర్. అన్ని రకాల నోట్లనూ కలిపి పెట్టినా ఒక్కోదాని విలువ గుర్తుపట్టి మొత్తం రూపాయలు, ఏ నోట్లు ఎన్ని అన్న పట్టికతో సహా చూపిస్తుంది. అయితే కలిసి వెళ్లిన నోట్లు కలిసే బయటికి వస్తాయి. బ్యాంకులో కట్టడానికి వాటిని మళ్లీ చేత్తో వేరుచేసుకోవాలి.

మూడోది రెండు పాకెట్ల సార్టర్. దీనికి స్టాకర్‌తో పాటు పక్కన ఇంకో చిన్న అర ఉంటుంది. అనుమానం వచ్చిన నోటునో, వేరే రకం నోటునో ఆ అరలోకి తోసేసి ఆగకుండా లెక్క కొనసాగిస్తుంది. నగదు బాగా వచ్చే చోటకూ బ్యాంకులకూ ఇది సరిపోతుంది. చిన్న దుకాణానికి మాత్రం ఖర్చు భారం.

నాలుగోది బండిల్ కౌంటర్. బ్యాంకుల్లో నేల మీద నిలబెట్టి ఉండే బరువైన మెషీన్ ఇది. కట్టకున్న పేపరు పట్టీ తీయకుండానే ఒక మూల పట్టుకుని గాలి పీల్చే పద్ధతిలో నోట్లను తిరగేస్తూ లెక్కిస్తుంది. వంద కాగితాల కట్టలో వంద ఉన్నాయో లేదో చూడటమే దీని పని. విడి నోట్లతో నడిచే దుకాణానికి దీని అవసరం రాదు.

ఈ నాలుగింటిలో ఏదీ నాణేలు లెక్కించదు. చిల్లరకు కాయిన్ కౌంటర్లు వేరే ఉన్నాయి.

ఒక షిఫ్టు లెక్క

పెట్రోలు బంకులో ఒక షిఫ్టు ముగిసేసరికి 500 నోట్లు 180, 200 నోట్లు 90, 100 నోట్లు 160, 50 నోట్లు 60, 20 నోట్లు 40, 10 నోట్లు 30 వచ్చాయనుకుందాం. మొత్తం 560 కాగితాలు, 1,28,100 రూపాయలు.

మామూలు కౌంటర్‌తో అయితే ముందు ఆరు దొంతరలుగా విడదీయాలి. మెషీన్ మీద ఒక్కో దొంతరకు పట్టేది క్షణాలే. విడదీయడానికి మాత్రం కొన్ని నిమిషాలు పడుతుంది, చేతి పొరపాటు దొర్లేదీ అక్కడే. 180 నోట్ల దొంతరలోకి ఒక 200 నోటు దూరిందంటే మెషీన్ 90,500 అని చూపిస్తుంది, చేతిలో ఉండేది 90,200. అటు 200 నోట్ల దొంతరలో ఒకటి తగ్గి 17,800 కనిపిస్తుంది. చివరికి 300 రూపాయల తేడా ఎక్కడొచ్చిందో తెలియక ఆరు దొంతరలూ మళ్లీ తిప్పాలి. అన్నిటికన్నా పెద్ద దొంతరలో వేరే నోటున్న సంగతి అప్పటికీ బయటపడదు.

మిక్స్ వాల్యూ మెషీన్‌కు అదే నగదును రెండు మూడు విడతల్లో పెడితే చాలు. గల్లాలో నాలుగైదు రకాల నోట్లు ఎప్పుడూ కలగలిసి ఉండేవారికి ఎక్కువ ధర పెట్టినందుకు ఫలితం ఇక్కడ దక్కుతుంది. వచ్చేదంతా దాదాపు 500 నోట్లే అయిన హోల్‌సేల్ వ్యాపారికి, ఒక్కో నోటుకు ఒక్కో అర ఉన్న డ్రాయరు వాడే క్యాషియరుకు మామూలు రకం చాలు. అయితే అందులో వేరే నోటు దూరితే ఆపే సౌకర్యం ఉండేలా చూసుకోవాలి.

నోట్ల కొలతలతో వచ్చే చిక్కు

వేరే నోటు దూరితే ఆపడం చెప్పినంత తేలిక కాదు. 2016 నవంబరు నుంచి వచ్చిన మహాత్మా గాంధీ కొత్త సిరీస్‌లో 10, 20 నోట్ల వెడల్పు 63 మిల్లీమీటర్లు. 50, 100, 200, 500 నోట్లన్నిటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. ఈ నాలుగింటి తేడా పొడవులోనే ఉంది. 50 నోటు 135, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150 మిల్లీమీటర్లు. అంటే 200కూ 500కూ మధ్య తేడా 4 మిల్లీమీటర్లు.

చిన్న కౌంటర్లలో నోటు పొడవాటి అంచు ముందుకు ఉండేలా జారుతుంది. కాంతి ఎంతసేపు తెగిందన్న దాన్ని బట్టి మెషీన్ కొలవగలిగేది నోటు వెడల్పునే. వెడల్పు ఒకటే అయినప్పుడు 200 ఏదో 500 ఏదో దానికి తెలిసే దారి లేదు. పొడవును కూడా కొలవాలంటే అడ్డంగా ఎక్కువ సెన్సర్లు కావాలి. మడత పడిన మూల, అరిగిన అంచు ఉన్న నోట్ల మధ్య ఆ 4 మిల్లీమీటర్లను పట్టుకోవడం వాటికీ కష్టమే. అందుకే నమ్మదగిన మిక్స్ వాల్యూ మెషీన్లు కొలతతో సరిపెట్టుకోవు. జిరాక్స్ యంత్రం కాగితాన్ని చదివినట్టే నోటు మొత్తాన్ని స్కాన్ చేసి, బొమ్మనూ రంగునూ దాచి ఉంచిన నమూనాతో పోలుస్తాయి. ఈ స్కానర్‌ను కంపెనీలు సీఐఎస్ అని రాస్తాయి. మిక్స్ వాల్యూ అని పేరున్న మెషీన్‌లో సీఐఎస్ ఉందా లేదా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న.

పాత సిరీస్ నోట్లు ఇంకో చిక్కు. పాత 100 నోటు కొలత 157 × 73 మిల్లీమీటర్లు, పాత 20 నోటు 147 × 63, పాత 10 నోటు 137 × 63. ఇవన్నీ ఇప్పటికీ చెల్లుతాయి, గల్లాలో కొత్తవాటితో కలిసే ఉంటాయి. కొలత ఒక్కటే చూసే మెషీన్ వంద నోట్ల దొంతరలో పాతది రాగానే వేరే నోటని ఆగిపోతుంది. 500, 200 నోట్లలో ఇప్పుడు ఒకే డిజైను చెలామణిలో ఉంది కాబట్టి వాటితో ఈ ఇబ్బంది లేదు. 2000 నోటును రిజర్వు బ్యాంకు 2023 మే 19న చెలామణి నుంచి ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. దాన్ని గుర్తుపట్టడం గొప్ప సౌకర్యంగా ఎవరైనా చెబితే పట్టించుకోనక్కర్లేదు.

కొత్త డిజైను నోటు వచ్చినప్పుడు మెషీన్‌కు కొత్త నమూనా నేర్పాలి. 2016లో కొత్త కొలతల నోట్లు వచ్చినప్పుడు దేశమంతటా ఏటీఎంలను కూడా సవరించాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే వీలుందా, యూఎస్‌బీ ద్వారా దుకాణంలోనే చేస్తారా, మెషీన్‌ను కంపెనీకి పంపాలా, డబ్బు తీసుకుంటారా అన్నవి కొనేముందే తేల్చుకోవాలి.

దొంగనోట్లు పట్టడంలో హద్దులు

బ్రోచర్లలో యూవీ, ఎంజీ, ఐఆర్ అన్న అక్షరాలు కనిపిస్తాయి. యూవీ అంటే అతినీలలోహిత దీపం. నోట్లకు వాడే కాగితం ఈ వెలుతురులో మెరవదు. బజారులో దొరికే తెల్ల కాగితం తెల్లగా, నీలంగా మెరుస్తుంది. ఎంజీ నోటులోని అయస్కాంత గుణాన్ని చూస్తుంది. ఐఆర్ పరారుణ కాంతిలో నోటు మీది సిరాలు ఎలా కనిపిస్తాయో పరీక్షిస్తుంది. యూవీ ఒక్కటే ఉన్న మెషీన్ నాసిరకం దొంగనోట్లను పడుతుంది. మెరవని కాగితం మీద అచ్చు వేసింది దాని కన్నుగప్పి పోవచ్చు. మూడు పరీక్షలూ ఉంటే భద్రత పెరుగుతుంది.

అసలు నోటును అనుమానించడమూ జరుగుతుంది. చొక్కా జేబులో ఉండిపోయి సబ్బు పొడిలో నానిన నోటుకు ఆ పొడిలోని తెల్లదనమిచ్చే రసాయనం పట్టుకుని యూవీ కింద మెరుస్తుంది. మెషీన్ ఆగి కూత పెడుతుంది. అందుకని మెషీన్ ఆపిన నోటు తెచ్చిన వినియోగదారుణ్ణి వెంటనే తప్పుబట్టకూడదు. నోటును చేతిలోకి తీసుకుని చూడాలి. 100, 200, 500 నోట్లలో భద్రతా దారం వంచి చూస్తే ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు వేలికి తగులుతాయి. 500 నోటుకు అవి ఐదు, 100 నోటుకు నాలుగు, 200 నోటుకు నాలుగు గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు. వెలుతురుకు పట్టి చూస్తే గాంధీ బొమ్మ నీటిగుర్తు కనిపిస్తుంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే నోటును తీసుకోకుండా తిరిగి ఇచ్చేయడం మేలు. అప్పటికే గల్లాలో చేరిన నోటైతే బ్యాంకుకు తీసుకెళ్లాలి. అక్కడ నకిలీదని తేలితే దాని మీద ముద్ర వేసి స్వాధీనం చేసుకుని రసీదు ఇస్తారు, విలువ మాత్రం చెల్లించరు. ఒకే లావాదేవీలో అలాంటివి ఐదు గాని అంతకన్నా ఎక్కువ గాని బయటపడితే విషయం పోలీసు కేసుగా మారుతుంది. దొంగనోటని తెలిసీ ఇంకొకరికి అంటగట్టడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద నేరం.

బ్యాంకులు 100, అంతకు పైబడిన నోట్లను మెషీన్‌లో పరీక్షించాకే మళ్లీ జనానికి ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకులు వాడే సార్టింగ్ మెషీన్లకు భారతీయ ప్రమాణాల సంస్థ 2024లో ఒక ప్రమాణం తెచ్చింది. దుకాణాలకు అమ్మే చిన్న కౌంటర్ల సంగతి అలా కాదు. పెట్టె మీద ఆర్బీఐ ఆమోదం పొందిందని రాసి ఉంటే అందుకు కాగితం చూపించమని అడగాలి. నూటికి నూరు శాతం దొంగనోట్లు పడుతుందన్న మాటకు విలువ ఇవ్వనక్కర్లేదు.

బ్రోచర్‌లో ఏం చూడాలి

వేగం దాదాపు అన్నిటికీ ఒకటే. నిమిషానికి వెయ్యి నోట్లంటే వందకు ఆరు సెకన్లు. చిన్న వ్యాపారానికి అంతకు మించిన వేగంతో పనిలేదు. నోటు విలువ చదివే మెషీన్లు కొంచెం నెమ్మదిగా నడిచినా నష్టం లేదు.

హాపర్, స్టాకర్ ఎన్ని నోట్లు పడతాయన్నది అంతకన్నా ముఖ్యం. హాపర్‌లో 500 పట్టినా స్టాకర్‌లో 200 మాత్రమే పడితే మధ్యమధ్య తీస్తూ ఉండాలి. బ్యాచ్ సౌకర్యం ఉంటే 100 అని పెట్టుకోవచ్చు. సరిగ్గా వందకు ఆగుతుంది, పట్టీ చుట్టి పక్కన పెట్టేయడమే. యాడ్ బటన్ ముందు విడత లెక్కకు తరువాతి విడతను కలుపుతుంది. వినియోగదారు వైపు తిరిగి ఉండే రెండో డిస్‌ప్లే నగదు చెల్లించే, తీసుకునే కౌంటర్ల దగ్గర తగాదాలు రాకుండా కాపాడుతుంది. రోజు లెక్క కాగితం మీద కావాలనుకునేవారు ప్రింటరు తగిలించే వీలుందేమో చూసుకోవాలి.

కొనేముందు పరీక్ష

షోరూంలో కరకరలాడే కొత్త నోట్లతో చూపించే డెమో దేనికీ పనికిరాదు. సొంత గల్లాలోని వంద నోట్లు తీసుకెళ్లాలి. అందులో మెత్తబడినవి, టేపు అంటించినవి, మూల మడత పడినవి, నూనె మరక ఉన్నవి కొన్ని ఉండాలి. చేతితో రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్లి అదే కట్టను పదిసార్లు మెషీన్‌లో తిప్పించాలి. ప్రతిసారీ అదే అంకె రావాలి. మధ్యలో ఆగడం తప్పు కాదు, ఆగకుండా తప్పు లెక్క చెప్పడమే అసలు తప్పు.

తరువాత 500 నోట్ల మధ్య ఒక 200 నోటు పెట్టి చూడాలి. పాత, కొత్త 100 నోట్లు కలిపి పెట్టాలి. ఆపైన నోటు కొలతకు కత్తిరించిన తెల్ల కాగితం ఒకటి మధ్యలో దూర్చాలి. యూవీ పనిచేస్తుంటే మెషీన్ అక్కడ ఆగి తీరాలి. పరీక్ష కోసమని దొంగనోటు సంపాదించడం గాని, నోటుకు కలర్ జిరాక్స్ తీయడం గాని చేయకూడదు. రెండూ చట్టరీత్యా చిక్కులు తెచ్చేవే.

ధర, బిల్లు, సర్వీసు

స్థూలంగా చూస్తే మామూలు కౌంటర్లు ఐదు నుంచి పది వేల రూపాయల మధ్య, మిక్స్ వాల్యూ మెషీన్లు పది వేల నుంచి పాతిక వేల దాకా, రెండు పాకెట్ల సార్టర్లు అర లక్షకు పైన ఉంటాయి. ఒకే పోలికతో ఉన్న మెషీన్లు వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుంటాయి కాబట్టి పేరు కన్నా దగ్గర్లో సర్వీసు ఇచ్చేవాడు ఉన్నాడా లేదా అన్నది చూసుకోవాలి. జిల్లా కేంద్రంలో మెకానిక్ ఉన్న మెషీన్, వెయ్యి రూపాయలు తక్కువకు ఆన్‌లైన్‌లో దొరికి చెడిపోతే ఢిల్లీకి పార్శిల్ చేయాల్సిన మెషీన్ కన్నా చవకే అవుతుంది.

వారంటీలో రబ్బరు రోలర్లు, బెల్టులు చాలాసార్లు ఉండవు. అరిగిపోయేవి ముందుగా అవే. అవి విడిగా దొరుకుతాయా, ఎంత అవుతుందన్నది బిల్లు రాయించే రోజే అడగాలి. మెషీన్ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. అది లేకుండా వారంటీ కింద సర్వీసు అడగడం కష్టం.

వాడకం, శుభ్రం

మెషీన్‌ను కదలని టేబుల్ మీద, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. బలమైన వెలుతురు సెన్సర్లను తికమక పెడుతుంది. పైన ఫ్యాను ఉంటే దుమ్ము ఎక్కువగా చేరుతుంది. కరెంటు హెచ్చుతగ్గులున్న ఊళ్లలో కంప్యూటరుకు వాడే యూపీఎస్‌కే దీన్నీ తగిలిస్తే సరిపోతుంది.

నోట్లు పెట్టేముందు రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయాలి. ఒక పిన్ను చాలు రోలరు చీలడానికి. బ్యాంకులు నోట్ల కట్టలకు పిన్నులు కొట్టడం మానేసి పేపరు పట్టీలు వాడాలని రిజర్వు బ్యాంకు 2001లోనే చెప్పింది. దుకాణాల్లో మాత్రం ఆ అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. మడతలు విప్పి, కట్టను ఓసారి దులిపి, పేకముక్కల్లా కొంచెం విడదీసి, అంచులు సమంగా తట్టి హాపర్‌లో పెట్టాలి. చేపల కొట్టులో తడిసిన నోట్లనూ, నూనె గానుగ దగ్గర జిడ్డు పట్టినవాటినీ ఆరనిచ్చి విడిగా లెక్కపెట్టాలి.

రోజు చివర స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, మెషీన్‌తో ఇచ్చే బ్రష్షుతో దుమ్ము దులపాలి. వారానికోసారి సెన్సర్ల అద్దాలను పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. కారం, పసుపు, పిండి అమ్మే చోట ఈ పని రోజూ చేయాల్సి వస్తుంది. ఉన్నట్టుండి తప్పు లెక్కలు వస్తుంటే ముందు అనుమానించాల్సింది దుమ్మునే. శుభ్రం చేసినా రెండేసి నోట్లు దూరుతుంటే సందు మరను సర్దాలి, అప్పటికీ కుదరకపోతే రబ్బరు అరిగిందని అర్థం.

ఎంత మంచి మెషీన్ అయినా ఒక్కసారి తిప్పి వదిలేయకూడదు. ప్రతి కట్టనూ రెండుసార్లు తిప్పి, రెండు అంకెలూ కలిశాకే పుస్తకంలో రాయాలి. షిఫ్టు ఒప్పజెప్పేటప్పుడు డిస్‌ప్లే మీది అంకెను ఇద్దరూ చూసి సంతకం చేస్తే తరువాత తేడా వచ్చినా అది ఏ షిఫ్టులో వచ్చిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.